మూడోసారికి నిలిచిన నారు

నర్సరీల ఊరు కడియం పక్కన కాపురం ఉంటూ విత్తనం నుంచి టమాటా మొక్కలు పెంచుతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మేముండేది రాజమండ్రిలో. స్కూటర్ మీద అరగంట పోతే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. "రెండు రూపాయలకి నారు మొక్క దొరుకుతుంటే ఈ గింజల గోలేంటండీ?" అని మా ఆవిడ మొదటిరోజే అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. మా నాన్న రైతు. రామచంద్రపురం వైపు నాలుగెకరాల వరి. నాకు నలభై రెండేళ్ళొచ్చాయి, నా చేత్తో ఒక్క గింజ మొలిపించిన పాపాన పోలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి "ఏదో సరదా" అనేశాను.

మే నెలాఖరులో టమాటా, వంగ, మిరప, బెండ ప్యాకెట్లు కొన్నాను. ఆ రోజే వేసేద్దామని ఆత్రం. కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మా డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టే పరిస్థితి లేదు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడేదాకా ఆగాను. ఆ ఆగడం ఒక్కటే నేను సరిగ్గా చేసిన పని.

వీధి చివర ఇల్లు కడుతున్న చోట ఒక బస్తా ఎర్రమట్టి అడిగి తెచ్చాను. ఇంట్లో పోగుపడ్డ పెరుగు డబ్బాల్లో దాన్ని గట్టిగా నింపాను. వేలు రెండో కణుపు దాకా గుచ్చి, ఒక్కో గుంటలో రెండేసి గింజలు వేసి, మట్టి కప్పి, పైన అరచేత్తో అదిమాను. ఉదయం ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు నీళ్ళు. డబ్బా అడుగున ఒకే చిల్లు పెట్టాను, అది రెండో రోజుకే మట్టితో పూడుకుపోయిందని తర్వాత తెలిసింది.

వారం గడిచింది. పన్నెండు బెండ గింజల్లో మూడు మాత్రం ఎలాగో తలెత్తాయి. మిగిలిన డబ్బాల్లో అలికిడి లేదు. పదోరోజు ఓపిక నశించి ఒక బెండ డబ్బాలో వేలు పెట్టి కెలికాను. పైన పెచ్చు కట్టిన మట్టి బిస్కెట్టులా విరిగింది. దాని కింద అంతా బురద. ఇంకా కిందికి వెళితే గింజ దొరికింది. వేసేటప్పుడు మిరియమంత గట్టిగా ఉన్నది ఉబ్బి మెత్తబడిపోయింది. రెండు వేళ్ళ మధ్య నొక్కితే తెల్లటి గుజ్జు జారి, పులిసిన కుడితి వాసన కొట్టింది. విత్తనాలు అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకుంటూ నాన్నకి ఫోన్ చేశాను.

"ఎన్ని గంటలు నానబెట్టావురా?" అన్నాడు.

"నానబెట్టలేదు."

"మండె కూడా కట్టలేదా?"

మండె కట్టడం అంటే మా వైపు అందరికీ తెలిసిందే. వరి విత్తనాలు ఒక రోజు నీళ్ళలో నానేసి, తీసి, గోనెసంచిలో పోసి మూటకట్టి, పైన తడి గోనెలు కప్పి బరువు పెడతారు. ఇంకో రోజుకి లోపల వేడి పుట్టి తెల్లటి ముల్లు మొలక వస్తుంది. అప్పుడు నారుమడిలో చల్లుతారు. చిన్నప్పుడు ఆ మూటలో చెయ్యి పెడితే వండిన అన్నంలో పెట్టినట్టు వెచ్చగా ఉండేది. నాన్న ఉత్సాహంగా నారుమడి దమ్ము, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నడం, దగ్గర్నుంచి మొదలుపెట్టి పలచగా నీళ్ళు కట్టడం దాకా వచ్చేశాడు. పెరుగు డబ్బాలో దమ్మెలా చెయ్యాలో నాకు అర్థం కాలేదు.

ఇంతలో అమ్మ ఫోన్ లాక్కుంది. "మీ నాన్ననడిగితే అన్నిటికీ వరే చెబుతాడు. ఎంత లోతులో పెట్టావు?"

"వేలంత."

కాసేపు మాట లేదు. తర్వాత, "టమాటా గింజనా?" అంది.

గింజ ఎంత మందమో దానికి రెండింతలు, మహా అయితే మూడింతలు మట్టి చాలట. బెండకి అరంగుళం. టమాటా, వంగ గింజల మీద మట్టి కప్పామా లేదా అన్నట్టుండాలి. గింజలో ఉండే బలం దాని మోతాదులో దానికుంటుంది, వెలుతురులోకి వచ్చేలోపే అది ఖర్చయిపోతే మొలక లోపలే ఆగిపోతుంది. నీళ్ళ సంగతి చెబితే "గింజకి ఊపిరాడొద్దా?" అని అడిగింది. నాకు గుర్తున్నంతవరకు మా పెరట్లో ఆనపపాదు, చిక్కుడుపాదు, వంగ మొక్కలు లేని ఏడాది లేదు. అవన్నీ పెట్టింది అమ్మే. అయినా మా ఇంట్లో రైతు అంటే నాన్నేనని నా బుర్రలో పడిపోయింది. ఆ తర్వాత ఫోన్లన్నీ అమ్మకే.

అప్పుడు కూర్చుని ఖాళీ ప్యాకెట్లు తిప్పి చదివాను. పరీక్ష తేదీ, గడువు తేదీ, కనీస మొలక శాతం అన్నీ ఉన్నాయి. టమాటాకి, వంగకి 70, బెండకి 65, మిరపకి 60. అంటే మిరప గింజలు పదిలో నాలుగు మొలవకపోయినా ఆ విత్తనం నాసిరకం అనడానికి లేదు. అమ్మినవాణ్ణి తిట్టుకున్న తిట్లు వెనక్కి తీసుకున్నాను. ఇంకో సంగతి. బెండ గింజలు గులాబీ రంగులో ఉంటే మా అమ్మాయి సోంపు బిళ్ళలనుకుని నోట్లో వేసుకోబోయింది. అది తెగుళ్ళ మందు పట్టించిన రంగు. పిల్లలున్న ఇంట్లో ఆ ప్యాకెట్లు పై అరలో పెట్టాలి, గింజలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అలాంటి గింజల్ని రాత్రంతా నానబెట్టినా దండగే, మందంతా నీళ్ళలోకి పోతుంది.

రెండోసారి మట్టి జోలికి పోలేదు. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, ఇటుకలా అదిమింది ఒకటి తెచ్చి బకెట్టు నీళ్ళలో వేస్తే గంటలో బకెట్టంతా నిండింది. అందులో ఉప్పు ఉంటుందని చదివి, ఎర్రగా టీ డికాషన్‌లా దిగే నీళ్ళు పలచబడేదాకా మూడుసార్లు కడిగి పిండాను. దానికి సమంగా వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) కలిపి పేపరు కప్పుల్లో నింపి, ఒక్కో కప్పు అడుగున మూడు చిల్లులు పెట్టాను. ఈసారి గింజలు పైపైనే చల్లాను.

ఆరోరోజు పొద్దున్న టమాటా మొలిచింది. మొలిచిందంటే ఆకులతో నిలబడిందని కాదు. ముందు దారప్పోగంత మెడ ఒకటి విల్లులా వంగి పైకొచ్చింది, తల ఇంకా లోపలే ఉంది. మధ్యాహ్నానికి ఆ మెడ కాస్త లేచింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తల బయటపడి రెండు సన్నటి బీజదళాలు, అంటే గింజలోనే ఉండే తొలి ఆకులు, విచ్చుకుంటున్నాయి. ఒక మొక్కకి మాత్రం గింజ పెంకు ఊడకుండా తలమీద టోపీలా ఇరుక్కుంది. సాయం చేద్దామని గోటితో లాగాను. టోపీతో పాటు తల కూడా ఊడొచ్చింది. వేళ్ళతో నీళ్ళు చిలకరించి ఆ పెంకు మెత్తబడేదాకా వదిలేస్తే దానంతటదే జారిపోతుందని తర్వాత అమ్మ చెప్పింది.

నాలుగు రోజులు ఆఫీసులో అందరికీ ఫోటోలు చూపించాను. ఐదోరోజు పొద్దున్న చూస్తే సగం మొక్కలు పడుకున్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాండం మాత్రం సరిగ్గా మట్టి దగ్గర నల్లబడి, తడిసిన దారంలా నలిగిపోయింది. ఎండకి వడలిపోయాయేమో అనుకుని ఇంకో అర మగ్గు పోశాను. అప్పటికి నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. మర్నాటికి మిగిలినవీ పడిపోయాయి.

ఆ ఆదివారం కడియం వెళ్ళాను. నారు కొనేద్దామనే వెళ్ళాను, అబద్ధమెందుకు. అక్కడ ఎక్కువగా పూలమొక్కలు, అందానికి పెంచే మొక్కలే ఉంటాయి. కూరగాయల నారు కూడా వేసే ఒక చోట, ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద 98 గుంటల నల్లటి ప్రోట్రేలు వరసగా పరిచి ఉన్నాయి. ప్రతి గుంటలో ఒకే మొక్క. వరసల మధ్య ఒకావిడ పని చేస్తోంది. నా కథంతా విని, "నారుకుళ్ళండి అది. నీళ్ళు ఎక్కువైపోయాయి, గింజలు ఒత్తుగా పడ్డాయి" అంది.

"నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో మీకెలా తెలుస్తుందమ్మా?"

ఆవిడ ఒక ట్రే ఒంటిచేత్తో ఎత్తి నా చేతిలో పెట్టింది. తర్వాత ఇంకోటి పెట్టింది. మొదటిది బరువుగా ఉంది, రెండోది అట్టముక్కలా తేలిపోయింది. పైన చూస్తే రెండూ ఒకేలా ఆరినట్టున్నాయి. "పైన చూస్తే ఏం తెలుస్తుందండి? ఎత్తి చూసుకోండి. బరువుంటే ముట్టుకోవద్దు."

నారు కొనలేదు. రెండు ఖాళీ ట్రేలు, ట్రైకోడర్మా విరిడి పొడి ఒక ప్యాకెట్టు కొనుక్కుని వచ్చేశాను. ట్రైకోడర్మా అంటే మంచి బూజు, కుళ్ళు తెచ్చే బూజుల్ని అది ఎదగనివ్వదు. వర్మీకంపోస్టులో కలిపి, కాస్త తడి చేసి, గోనె కప్పి వారం రోజులు నీడలో ఉంచి వాడాను.

మూడోసారి వేసేసరికి జూలై సగం దాటింది. టమాటా ఇరవై, వంగ ఇరవై, మిరప ఇరవై. గుంటకి ఒక్కటే గింజ. జోరువానకి గింజలు కొట్టుకుపోతాయని ట్రేలు మెట్లగదిలో పెట్టి పైన న్యూస్‌పేపరు కప్పాను. నీళ్ళ సీసా మూతకి సూదితో చిల్లులు పెట్టి దాంతోనే చిలకరించాను. రోజూ పొద్దున్న కాఫీకి ముందు ట్రే ఎత్తి చూడటం అలవాటైంది. మా అమ్మాయి కూడా ఎత్తి చూసి "ఇవాళ వద్దు నాన్నా" అని తీర్పు చెప్పేది. మొదటి నాలుగు రోజుల్లో నీళ్ళు పోసింది రెండేసార్లు.

ఇక్కడ కూడా ఒక తప్పు చేశాను. మొలకలు కనబడిన రోజే పేపరు తీసేసి ట్రేని వెలుతురులో పెట్టాలి. వరిగడ్డి కప్పే నారుమళ్ళలోనూ అదే పద్ధతి. నేను ఆ రెండు రోజులు ఆఫీసు ఆడిట్ గొడవలో పైకి ఎక్కలేదు. వెళ్ళేసరికి టమాటా మొక్కలు తెల్లగా, సన్నగా రెండంగుళాలు సాగిపోయి, అన్నీ కలిసి మెట్లగది కిటికీ వైపు వాలి ఉన్నాయి. టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తే అమ్మ, "టమాటా కదా, ఫరవాలేదు. నాటేటప్పుడు కాండం లోతుగా పాతెయ్, అక్కణ్ణుంచి కూడా వేళ్ళేస్తుంది" అంది. మిరప ఇంకా మొలవలేదు కాబట్టి ఆ శిక్ష తప్పించుకుంది. మిరపది ఎప్పుడూ తీరికే, పదకొండో రోజుకి గానీ మొదటి మొలక రాలేదు. ఏడోరోజుకే దాని మీద ఆశ వదులుకుని ఆ గుంటల్లో తోటకూర చల్లబోయాను. మా ఆవిడే ఆపింది.

లెక్క చూస్తే టమాటా 16, వంగ 14, మిరప 12. ప్యాకెట్టు మీద రాసిన అంకెలకి అటూ ఇటూగా సరిపోయాయి. ఎనిమిది, పది రోజుల తర్వాత అసలైన ఆకులు వచ్చాయి. ఈ మూడింటి బీజదళాలూ నున్నగా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఆ తర్వాత వచ్చే ఆకు చూస్తేనే ఇది టమాటా, ఇది వంగ అని తెలుస్తుంది. నలిపి వాసన చూస్తే టమాటా వాసన. ఆ రోజు నాకు కలిగిన గర్వం నా మొదటి జీతం రోజు కూడా కలగలేదు.

టమాటా 26 రోజులకి, వంగ 32 రోజులకి, మిరప 40 రోజులకి పెద్ద సంచుల్లోకి మార్చాను. అంతకుముందు వారం రోజులు ట్రేలని పొద్దుటి ఎండలో కాసేపు, తర్వాత ఇంకాసేపు పెడుతూ అలవాటు చేశాను. నాటింది సాయంత్రం పూటే. సంచుల్లో ఎర్రమట్టి, మాగిన పశువుల గెత్తం, కోకోపీట్, ఒక్కో సంచికి గుప్పెడు వేపపిండి. ఇంటి ఓనరు గారు రెండుసార్లు పైకి వచ్చి శ్లాబు చెమ్మెక్కుతుందేమోనని చూసి వెళ్ళారు. సంచుల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాక ఊరుకున్నారు. మొదటి కోత వంకాయలు ఆయనకే ఇచ్చాం, ఆ తర్వాత ఆయనే వచ్చి పావురాలు మొక్కలు పీకకుండా పాత దోమతెర కట్టి వెళ్ళారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నాలాగా టమాటా, మిరపలతో మొదలుపెట్టకండి. వంటింట్లో మెంతులు గుప్పెడు నానబెట్టి చల్లితే మూడోరోజుకి పచ్చగా లేస్తాయి. బెండ నేరుగా సంచిలోనే పెట్టాలి. రెండోసారి సరైన లోతులో పెడితే ఐదోరోజుకి మొలిచి, నలభై ఎనిమిదో రోజుకి కాయ కోశాం. ధనియాలు మాత్రం చపాతీ కర్రతో దొర్లించి రెండు బద్దలయ్యాకే చల్లండి. ఎండలు తగ్గాక చల్లితేనే దానికి సుఖం. జూన్‌లో చల్లినవి వేలెడెత్తు లేచి పూతకొచ్చేశాయి, కార్తీకంలో చల్లినవి కట్టలు కట్టలు వచ్చాయి.

పాదుల కథ వేరు. జూలై చివర్లో మా ఊరి నుంచి వచ్చే ఒకాయన చేత అమ్మ బూడిదలో కలిపిన గింజల పొట్లం పంపింది. పది బీర, ఆరు ఆనప. "వీటికి మాత్రం మీ నాన్న చెప్పినట్టే మండె కట్టు" అంది. పెంకు మందం కదా మరి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న తడి పంచె ముక్కలో మూటకట్టి, స్టీలు డబ్బాలో పెట్టి బియ్యం డబ్బా పక్కన ఉంచాను. మూడోరోజు విప్పితే నల్లటి బీర గింజ కొస పగిలి తెల్లటి ముక్కు ఒకటి బయటికొచ్చి ఉంది. చిన్నప్పటి గోనెమూట వాసనే. ఆ ముక్కు విరగకుండా కిందికి ఉండేలా పెట్టాను. పదహారింట్లో పదిహేను మొలిచాయి. నాన్నకి చెబితే, "చెప్పానా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రోజంతా రచ్చబండ దగ్గర ఇదే చెప్పుకున్నాడట.

బీరపాదు పందిరెక్కి సెప్టెంబరులో పూసింది. పసుపుపచ్చ పూలు గుత్తులు గుత్తులుగా పూసి రాలిపోతున్నాయి. మొదట వచ్చేవి మగపూలే, అవి రాలాల్సిందే. వారం తర్వాత పువ్వు కింద వేలెడు బీరకాయ ఉన్న ఆడపువ్వు కనబడింది. రెండు రోజులకి ఆ పిందె పసుపెక్కి ఊడిపోయింది. ఇలా నాలుగు పోయాయి. ఎరువు తక్కువైందేమోనని గెత్తం వేశాను. ఫలితం లేదు. అమ్మ, "పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో చూశావా అసలు?" అంది. చూడలేదు. పొద్దున్న ఎనిమిదింటికి పైకెళ్ళి దిగిపోయేవాణ్ణి. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకి మూడంతస్తుల మీద మా డాబాకి వచ్చే తుమ్మెదలెన్ని?

ఆ సాయంత్రం ఆరింటికి నేనూ మా అమ్మాయీ పైకెళ్ళాం. అది ఫోన్ టార్చి పట్టుకుంది. మగపువ్వు ఒకటి తుంచి రెక్కలు వెనక్కి ఒలిచేస్తే మధ్యలో పుప్పొడి పట్టిన కాడలు మిగిలాయి. ముట్టుకుంటే వేలికి పసుపంటింది. ఆడపువ్వు మధ్యలో తడిగా మెరుస్తున్న ఆకుపచ్చ గుబ్బ మీద దాన్ని నాలుగైదుసార్లు మెల్లగా రాశాను. గుర్తుకి ఆ కాడకి ఎర్ర దారం కట్టింది మా అమ్మాయి. మూడోరోజుకి పిందె పసుపెక్కలేదు. ఐదోరోజుకి కాడ కిందికి వంగి పిందె జానెడైంది. పదోరోజుకి కోసి పెసరపప్పులో వేసుకున్నాం. అప్పట్నుంచి సాయంత్రం ఆరింటికి ఎక్కడున్నా ఇంటికొచ్చేసేవాణ్ణి. మా ఆవిడ కాలనీలో అందరికీ "మా ఆయన బీరపువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తున్నాడు" అని చెప్పింది.

పురుగుల సంగతి ఎక్కువ రాయను. బెండ మీద పేనుబంకకి లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొడితే అదుపులోకి వచ్చింది. వంగలో కొమ్మ తొలిచే పురుగు వచ్చింది. వాలిన కొసలు తుంచి కవర్లో మూటకట్టి పారేశాను. అయినా మూడోవంతు కాయలు పుచ్చులే. టమాటా అక్టోబరు నెలాఖరుకి పండింది. ఆరు మొక్కలకి రెండు నెలల్లో నాలుగు కిలోలు వచ్చి ఉంటాయి. ట్రేలు, సంచులు, కోకోపీట్, గెత్తం అన్నీ వేసి మా ఆవిడ కిలో ఎంత పడిందో కాగితం మీద లెక్క కట్టింది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. అంకె ఇక్కడ రాయను.

ఎర్ర దారం కట్టిన వరసలో ఒక బీరకాయని మాత్రం కొయ్యకుండా పాదునే వదిలేశాను. అది ముదిరి, పండి, ఎండి, డిసెంబరుకి గోధుమరంగు పీచుబుర్రలా అయింది. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. కింది కొసన చిన్న మూతలాంటిది ఊడి, గింజలు ఒక్కొక్కటే అరచేతిలో పడ్డాయి. హైబ్రిడ్ టమాటా గింజ దాచుకుని వేస్తే అదే కాయ వస్తుందని నమ్మకం లేదు గానీ, ఇవి అమ్మ ఏటేటా దాచుకునే నాటు గింజలు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పొట్లం కట్టి తీసుకెళ్ళాను. ఆ ఏడు కోతులు పడి అమ్మ బీరపాదు మొదలంటా పీకేశాయి, ఒక్క కాయ కూడా విత్తనానికి మిగల్లేదు. అమ్మ పొట్లం విప్పి, గింజని గోటితో నొక్కి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోంచి గిన్నెలో నీళ్ళు తెచ్చి అన్నీ అందులో పోసింది. నాన్న అరుగు మీంచి లేచి వచ్చి, "నీళ్ళలో కాస్త ఉప్పు వెయ్యవే, గట్టి గింజ మునిగి తాలు తేలుతుంది" అన్నాడు.

"ఇది వరి కాదు, మీరు వెళ్ళి కూర్చోండి" అంది అమ్మ.

నలభై ఒక్క గింజల్లో నాలుగు తేలాయి.